వండినవారు బయట కూర్చోవాలి

జూన్ 3, సోమవారం

రిటైరయిన తొమ్మిదేళ్ళకు నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది. జీతం లేదు. పై అధికారి నా మనవరాలు.

అది పెద్దాసుపత్రిలో థెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకూ, గొంతుకు రేడియేషన్ ఇచ్చినవాళ్ళకూ మళ్ళీ మింగడం నేర్పుతుంది. మింగడం కూడా ఒక సబ్జెక్టేనా అని అది చదువుకునే రోజుల్లో నవ్వాను. మార్చి నుంచి నవ్వడం మానేశాను. మార్చిలో మా ఆయనకు స్ట్రోక్ వచ్చింది. చెయ్యి తిరిగి వచ్చింది, మాట తిరిగి వచ్చింది, గొంతు మాత్రం పూర్తిగా రాలేదు.

పని ఇది. ఇంగ్లీషులో ఒక ప్రశ్నావళి ఉంది. ముప్ఫై ప్రశ్నలు. మింగడం కష్టమయ్యాక మనిషి బతుకు ఎంత మారిందో అడుగుతుంది. వీడియో ఎక్స్‌రేలో గొంతు కనిపిస్తుంది గాని, ఆ గొంతుతో బతకడం కనిపించదు కదా అమ్మమ్మా, అంది. మన భాషలో ఇలాంటిది లేదట. ఇంగ్లీషు రాని రోగులకు ఏ నర్సుకు తోచినట్టు ఆ నర్సు చెప్పి నింపిస్తున్నారట.

పద్ధతి కూడా వివరించింది. ఇద్దరు విడివిడిగా మన భాషలోకి రాయాలి. ఒకరు వైద్యం తెలిసినవారు, ఒకరు తెలియనివారు. తెలిసినది అది. తెలియనిదాన్ని నేను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో రెండు భాషలూ చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయినదాన్ని తీసుకెళ్ళి ‘తెలియనివారు’ అనే గడిలో కూర్చోబెట్టింది. ఒప్పుకున్నాను.

ఆయన బరువు ఈరోజు 54.2. మార్చికి ముందు 63. యాభైకి దిగితే పొట్టలోకి ట్యూబు వేసి, దాంట్లోంచే ఆహారం పంపాల్సి వస్తుందని డాక్టరు మొన్న స్పష్టంగా చెప్పాడు. ఈయనేమో, నాకేం, బ్రహ్మాండంగా తింటున్నాను, ఆ తూకం మిషను రిపేరు చేయించండి అన్నారు. జీవితమంతా రేడియోలు బాగుచేసిన మనిషి. తప్పు ఎప్పుడూ మిషన్లోనే ఉంటుంది.

జూన్ 6, గురువారం

నా మొదటి ప్రతి పూర్తయింది. ‘భోజన సమయమందు కంఠావరోధము కలుగుచున్నదా?’ అని మొదలుపెట్టాను. మనవరాలు చదివి, అమ్మమ్మా, ఇది చదవడానికే గొంతు పట్టేస్తోంది, ఇక అన్నం కూడానా, అంది.

నవ్వితే నవ్వనీ. దాని ప్రతి తీసుకున్నాను. ‘స్వాలోయింగ్ ప్రాబ్లమ్ వల్ల మీరు డిప్రెస్డ్‌గా ఫీల్ అవుతున్నారా?’ అని ఉంది. ఇంగ్లీషు మన లిపి కప్పుకుని వచ్చి కూర్చుంది, అంతే. ఎర్ర పెన్ను తీశాను. ముప్ఫై ప్రశ్నల్లో ఇరవై ఆరు ఎర్రబడ్డాయి. దాని మొహం కూడా.

స్కోరు సమం. రెండూ పక్కన పెట్టి మూడోది రాయడం మొదలుపెట్టాం.

జూన్ 9, ఆదివారం

పన్నెండో ప్రశ్న దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాం. తిన్నది దారి తప్పి, ఉక్కిరిబిక్కిరయి, దగ్గు తెరలు తెరలుగా రావడం. ఇంగ్లీషు ఫారం దానికి రెండు లైన్లు తీసుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన రెండో గుక్క నీళ్ళకే ఎర్రబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా దగ్గారు. నేను నెత్తి మీద తట్టాను. తేరుకుని, ఎవరో నన్ను తలుచుకుంటున్నారోయ్ అన్నారు. పొలమారినప్పుడల్లా అందరూ అనేదే. కాని ఈయన రోజుకు మూడు పూటలా అంటున్నారు. మిమ్మల్ని తలుచుకునేవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు అన్నాను. నేను రిపేరు చేశాక కూడా పలకని రేడియోల వాళ్ళు, తిట్టుకుంటూ తలుచుకుంటున్నారు అన్నారు.

మనవరాలూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పొలమారడం! ఆరు నెలల పిల్లాడి తల్లి దగ్గర్నుంచి అందరికీ తెలిసిన మాట. చేతులు కడుక్కోకుండానే వెళ్ళి రాసి వచ్చాను.

జూన్ 11, మంగళవారం

బాల్కనీలో కుండీ మొక్క వేరు కుళ్ళుతోంది. నేను రోజు విడిచి రోజు ఒక చెంబే పోస్తాను. అర్థం కావడం లేదు.

జూన్ 15, శనివారం

మన ప్రతిని అసలు ఫారం చూడనివారెవరో తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలట. అప్పుడు రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి, దారిలో ఏం జారిపోయిందో చూస్తారు. ఈ పని ఎదురింటి లాయరుకు ఇచ్చాను. అతనికి ప్రాక్టీసు తగ్గి, మా ఆయనతో క్యారమ్సు ఎక్కువైంది.

ఈరోజు తెచ్చి ఇచ్చాడు. ‘రోగికి పొలమారినట్లు ఆరోపించబడిన సందర్భములలో’ అని ఇంగ్లీషులో రాశాడు. ఆరోపణ ఎక్కడిదండీ, దగ్గుతున్నాడు కదా మనిషి, అన్నాను. సాక్ష్యం లేనిదే నేనెలా ఒప్పుకుంటాను మేడమ్, అన్నాడు. మా ఆయన వెనక నుంచి, మా ఆవిడతో వాదించి ఎవరూ గెలవలేదు, ఫీజు కూడా రాదు, సంతకం పెట్టేసెయ్ బావా, అన్నారు. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. క్యారమ్సు బావలు.

ఆరోపణలు తీసేస్తే ముప్ఫైకి ఇరవై తొమ్మిది సరిగ్గా తిరిగి వచ్చాయి. ఒకటి దిద్దాం. మనవరాలి పైఅధికారి, అందరూ పెద్ద మేడమ్ అంటారు, ఫోన్లో మెచ్చుకుందట. ఇంత శుభ్రంగా మొదటిసారే రావడం చూడలేదందట.

సాయంత్రం నాలుగు బిస్కెట్లు తిన్నాను. మామూలుగా రెండు.

జూన్ 20, గురువారం

ఇక అసలు పరీక్ష. రోగుల చేత నింపించి చూడాలి. ఆసుపత్రిలో కొందరికి మనవరాలు ఇస్తుంది. ఇంట్లో ఉన్న ఒక రోగికి నేను ఇచ్చాను.

ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క ప్రశ్నా స్పష్టంగా చదివాను. తినడం మీకు ఇష్టంగా ఉంటోందా? బ్రహ్మాండం. తినడానికి మీకు చాలాసేపు పడుతోందా? అస్సలు లేదు. పొలమారుతోందా? ఎప్పుడైనా, ఎవరైనా తలుచుకుంటే. నీళ్ళు తాగడానికి భయపడుతున్నారా? భయమా, నాకా? నిన్ను చేసుకున్నవాణ్ణి.

నూటికి తొంభై నాలుగు. ఇబ్బంది ఎంత తక్కువైతే మార్కులు అంత ఎక్కువ. నా చేత్తో వేసిన మార్కులు. నా వంట, నా వడకట్టడం, నా టైము పట్టిక వృథా పోలేదని కాస్త గర్వపడ్డాను. దాచడమెందుకు?

బరువు 52.9.

జూన్ 24, సోమవారం

ఆసుపత్రిలో రివ్యూ. సొంతవాళ్ళను చూడకూడదని మనవరాలికి రూలు. ఆయన్ని పెద్ద మేడమే చూస్తుంది. తొంభై నాలుగు చూసి, మింగడం బాగుంది, బరువు తగ్గడానికి కారణం వేరే ఉండాలి అంది. పొట్టకు స్కాను, రక్తానికి మూడు పరీక్షలు రాసింది. నీళ్ళు చిక్కబరిచే పొడి కూడా ఏప్రిల్‌లోనే ఆపేశారు, మామూలు నీళ్ళు హాయిగా దిగుతున్నాయని ఈయన చెప్పాక.

ట్యూబు గురించి మళ్ళీ గుర్తుచేసింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఏమీ జోకు వెయ్యలేదు.

జూలై 3, బుధవారం

స్కానులో ఏమీ లేదు. రక్తంలో ఏమీ లేదు. 52.1.

జూలై 5, శుక్రవారం

మనవరాలు ఆసుపత్రి నుంచి వచ్చి బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చుంది. పద్దెనిమిది మంది నింపారట. దాదాపు అందరికీ తొంభై పైనే. వీడియోలో చూస్తే వాళ్ళలో సగం మందికి గుక్కెడు నీళ్ళు ఊపిరితిత్తుల వైపు జారుతున్నాయట. ఇంగ్లీషు ఫారం నింపినవాళ్ళకు ఇలా రాలేదట. ఇదే ఇబ్బందికి వాళ్ళకు నలభై, యాభై వస్తున్నాయి.

పెద్ద మేడమ్ మర్యాదగానే చెప్పిందట. మాటలు అందంగా ఉన్నాయమ్మా, కాని ఫారం మొద్దుబారిపోయింది, కష్టాన్ని పట్టుకోవడం లేదు. నెలాఖరు కమిటీలోగా కారణం దొరక్కపోతే ఆపేద్దాం.

మొద్దుబారిందా! నా ముప్ఫై ప్రశ్నల్లో ఒక్కటి కూడా మొద్దుది లేదు. రాత్రి భోజనంలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన, ఇవాళ స్కూలుకు సెలవా, అన్నారు.

జూలై 9, మంగళవారం, మధ్యాహ్నం

ఇక లాభం లేదని నేనే ఆసుపత్రికి వెళ్ళాను. పెద్ద మేడమ్ అనుమతితో ఒక మూల కుర్చీ వేసుకున్నాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు చూడకు అమ్మమ్మా, అంది మనవరాలు. మరెలా చూడాలో నాకు రాదు.

వచ్చినవాడు లారీ డ్రైవరు. గొంతుకు రేడియేషన్ అయింది. పక్కనే భార్య, ఒళ్ళో ఫ్లాస్కు, రెండు డబ్బాలు, చెంచాలు, తుండుగుడ్డ. మనవరాలు ప్రశ్నలు చదివింది. తినడం ఇష్టంగా ఉందా అంటే అతను భార్య వైపు చూసి, మా ఆవిడ చేస్తే ఎందుకుండదండీ, అన్నాడు. గొంతులో అడ్డుపడుతోందా అంటే భార్యే అందుకుంది. రెండుసార్లు వడకట్టి ఇస్తానండీ, అడ్డం పడటానికి అందులో ఏముందని? అతను తలాడించాడు. ఒక్కో ప్రశ్నకూ అంతే. పూర్తి మార్కులు.

ఆమెను మందుల కౌంటరుకు పిలిచారు. తలుపు పడగానే అతను ముందుకు వంగి, అమ్మా, తినడం ఇష్టంగా ఉందా అన్న ఆ ఐదో ప్రశ్న మళ్ళీ అడుగుతారా, అన్నాడు.

మళ్ళీ అడిగింది. ఇసక తింటున్నట్టుంటుందమ్మా అన్నాడు. పదో ప్రశ్న అడగండి అన్నాడు. పన్నెండోది అడగండి అన్నాడు. లారీ నడిపేవాణ్ణి, గుక్కెడు టీ అంటే భయపడుతున్నాను, ఎవరికి చెప్పుకోను, అన్నాడు. నేను ఉండబట్టలేక, ఇందాక వేరేలా చెప్పావేం నాయనా, అని అడిగాను.

నా వైపు తిరిగి, చీకటితో లేస్తుందండీ, అన్నాడు. ఉడకబెట్టి, రుబ్బి, వడకట్టి, వేడి చూసి పెడుతుంది. అది పక్కన కూర్చునుండగా తినబుద్ధి కావడం లేదని ఏ నోటితో చెప్పమంటారు?

ఆమె వచ్చేసింది. అతను వెంటనే వెనక్కి వాలి, అయిపోయిందే, అన్నీ బాగానే ఉన్నాయన్నాను, అన్నాడు.

అదే రోజు, సాయంత్రం 5

మా పద్దెనిమిది మంది పక్కన ఎవరు కూర్చున్నారో మనవరాలు గుర్తుచేసుకుంది. పదహారు మంది పక్కన వంట చేసేవాళ్ళే. భార్య, తల్లి, కోడలు, ఒకచోట వంట చేసే అన్న. ఇంగ్లీషు ఫారాన్ని పెన్ను పట్టుకుని ఒంటరిగా నింపుతారు. మనవాళ్ళు ఇంటిల్లిపాదీ కలిసి నింపుతారు. తప్పు మాటల్లో లేదు. కుర్చీల్లో ఉంది.

దొరికింది! మనవరాలు బస్టాపులో నన్ను వాటేసుకుంది. నేను అలాంటివి రోడ్డు మీద ఒప్పుకోను. ఈరోజు ఒప్పుకున్నాను.

బస్సు సగం దూరం వచ్చాక ఒక సంగతి తట్టింది. ఆయన ఎదురుగా కూర్చుని, తింటున్నారా, ఇష్టంగా ఉందా, అని అడిగి మార్కులు వేసింది ఎవరు?

జూలై 10, బుధవారం

మళ్ళీ నింపించాలి అని మాత్రమే ఆయనతో చెప్పాను. ఎగ్జామినరు మారతారన్నాను. పెద్ద మేడమ్ తన దగ్గర పనిచేసే వేరే థెరపిస్టును ఇంటికి పంపింది. ఆ అమ్మాయి లోపలికి రాగానే నేను చెప్పులు వేసుకున్నాను.

ఎదురింటి లాయరు వరండాలో కూర్చున్నాను. అక్కడి నుంచి మా కిటికీ కనిపిస్తుంది, మాట వినిపించదు. లాయరు, ముద్దాయి లోపలున్నాడు, జడ్జి బయట కూర్చుంది, ఇదెక్కడి కోర్టు మేడమ్, అన్నాడు. పేపరు తెరిచి పట్టుకున్నాను. లాయరు వచ్చి దాన్ని తిన్నగా తిప్పి ఇచ్చాడు.

మామూలుగా పావుగంట పని. ఆ అమ్మాయి గంట దాటినా రాలేదు.

జూలై 11, గురువారం

ఫెయిలయ్యారు.

ముప్ఫై ఎనిమిది! నూటికి ముప్ఫై ఎనిమిది! జవాబులు చూపించం, అంకె మాత్రం చెప్తాం అన్నారు. రూలు మంచిదే. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవర్నీ ఇంత ఆనందంగా ఫెయిల్ చేసి ఎరగను. వంటింట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, అరచేతులు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకున్నాను. అక్కడే కాసేపు ఏడ్చాను కూడా. అది వేరే లెక్క.

పెద్ద మేడమ్ రేపే వీడియో పరీక్ష పెట్టింది.

జూలై 12, శుక్రవారం

వీడియోలో తేలింది. చిక్కటివి మెల్లగానైనా దిగుతున్నాయి. నీళ్ళు దిగడం లేదు. గొంతులో మూత పడటం ఆలస్యమై, పలచటివి ముందే జారిపోతున్నాయి. ఛాతీలో నిమ్ము చేరకపోవడం అదృష్టం అంది పెద్ద మేడమ్. తెర మీద చూసి ఈయన, చెప్పానుగా, వాల్వు లూజు, మార్చాలంటే స్పేరు దొరకదు, అన్నారు. దొరకదు, కాని బిగించొచ్చు, అందావిడ.

ఇంటికి వచ్చాక ఆయనే చెప్పారు. నేను అడగలేదు.

నేను జగ్గులో కొలిచి పెట్టే నీళ్ళు సగం బాల్కనీ కుండీలోకి వెళ్తున్నాయి. మూడు నెలలుగా. ఒక్క ముద్దకు అంతసేపు పడితే నేను ఎదురుగా గడియారం చూస్తుంటానని, నాలుగు ముద్దలకే చాలు అని లేచిపోతున్నారు. దాహమెయ్యదా మీకు అన్నాను. వేస్తుంది, కలలో కూడా వేస్తుంది, అన్నారు.

ముప్ఫై ప్రశ్నలకు ముప్ఫై అబద్ధాలా అన్నాను. కాదు, ఇరవై తొమ్మిదే, అన్నారు. నలుగురిలో తినడానికి సిగ్గుపడుతున్నారా అన్నదానికి లేదన్నది నిజమే, నలుగురిలోకి వెళ్తేగా.

తర్వాత నా చూపుడువేలు పట్టుకున్నారు. మిక్సీ బ్లేడు తగిలి తెగితే కట్టు కట్టుకున్న వేలు. ఇలా చేసి పెట్టే నీ ఎదురుగా కూర్చుని దిగడం లేదని ఎలా చెప్పనోయ్, అన్నారు. అచ్చం ఆ డ్రైవరులాగే. ఈ మగవాళ్ళంతా ఒకే బడిలో చదివారా?

మొక్కను చంపారు కదా అన్నాను. కొత్తది తెస్తాను అన్నారు.

జూలై 16, మంగళవారం

51.2. ట్యూబుకు తేదీ అనుకుంటున్నారు. నాలుగు వారాలు ఆగమని పెద్ద మేడమ్ డాక్టరును ఒప్పించింది. నీళ్ళలో పొడి మళ్ళీ మొదలు. జిగురు తాగిస్తున్నారు, నేను పోస్టరునా, అంటున్నారు ఈయన. తాగుతున్నారు.

జూలై 19, శుక్రవారం

ఫారం మొదటి పేజీ కొత్తగా రాశాను. మూడు వాక్యాలు.

‘ఈ ప్రశ్నలు మీ గొంతు గురించి. వంట గురించి కాదు. వండినవారు కాసేపు బయట కూర్చోవాలి.’

దయచేసి అని చేరుద్దామా అంది పెద్ద మేడమ్. దయచేసి అంటే ఒక్కరూ లేవరు అన్నాను. చేర్చలేదు.

జూలై 30, మంగళవారం

కమిటీ. నన్ను కూడా పిలిచారు. ఒక పొడుగాటి బల్ల, ఏడుగురు, ఎవరూ తాగని మంచినీళ్ళ సీసాలు. ట్యూబు వేస్తానన్న డాక్టరే అధ్యక్షుడు. అసలు ఫారంలో లేని వాక్యాలు మనం ఎలా చేరుస్తాం అన్నాడు. మనది అనువాదమే కదా, కొత్త ఫారం కాదు కదా.

న్యాయమైన ప్రశ్నే. లేచి నిలబడ్డాను. కూర్చోండమ్మా అన్నారు. కూర్చుని మాట్లాడటం నాకు అలవాటు లేదు.

అసలు ఫారం రోగిని ఒంటరిగా అడిగింది. ఆ ఒంటరితనం కాగితం మీద లేదు, వాళ్ళ గదిలో ఉంది. మనం కాగితాన్ని తెచ్చాం, గదిని తేలేదు. ఈ మూడు వాక్యాలు ఆ గది. ఇంతే చెప్పాను. తర్వాత ఒక ప్రశ్న అడిగాను. అయ్యా, ఇంట్లో మీకు కూర బాగా లేని రోజున మీ ఆవిడతో ఏమంటారు?

బల్ల చుట్టూ నవ్వులు. డాక్టరు మాత్రం నవ్వకుండా, బ్రహ్మాండం అంటాను, అన్నాడు.

ఫారం తయారు చేసినవారికి రాసి అనుమతి అడగాలని తీర్మానం అయింది. పెద్ద మేడమ్ బల్ల కింద నా చెయ్యి నొక్కింది.

ఆగస్టు 8, గురువారం

అనుమతి వచ్చింది! ఆ ఫారం తయారుచేసినావిడ స్వయంగా జవాబు రాసింది. ఈ మూడు వాక్యాలు తమ ఫారంలోనూ పెడితే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోందట. ఈ సంగతి పట్టుకున్న అనువాదకురాలి వృత్తి ఏమిటని అడిగింది.

ఏమని రాయను అమ్మమ్మా, అంది మనవరాలు. విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు అనా?

వండినవారు అని రాయమన్నాను.

ఆగస్టు 13, మంగళవారం

డాక్టరు ఇచ్చిన నాలుగు వారాలూ ఈరోజుతో అయిపోయాయి. 51.0. పెరగలేదు. కాని ఈ నెలలో తగ్గింది రెండు వందల గ్రాములే. ఇంకో నెల చూద్దాం అన్నాడు.

ఇంట్లో రూలు మారింది. ఆయన తింటున్నప్పుడు నేను గదిలో ఉండను. వడ్డించి బయటికి వచ్చేస్తాను. ఇది నేను పెట్టిన రూలే, నాకే కష్టంగా ఉంది. మొదటి రోజు గుమ్మం పక్కన నిలబడ్డాను. నీడ పడుతోంది హెడ్మాస్టరు గారూ, అని లోపల్నుంచి వినిపించింది. రెండో రోజు నుంచి వాకిట్లో కుర్చీ.

ఎక్సర్‌సైజులు మాత్రం నా పీరియడే. గడ్డం ఛాతీకి ఆనించి మింగడం. గట్టిగా, గోలీ మింగినట్టు మింగడం. నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని ఉత్తి గుటక వెయ్యడం. పెద్ద మేడమ్ చెప్పినదానికి ఒక్కటి కూడా తగ్గనివ్వను. లాయరు క్యారమ్సు బోర్డుతో వచ్చి, బావా, నువ్వు నాలుక బయట పెట్టుకుని ఎవర్ని వెక్కిరిస్తున్నావ్, అన్నాడు. ఆయన నాలుక పట్టుకునే నా వైపు చూపించారు.

ఆగస్టు 23, శుక్రవారం

51.6!

ఆగస్టు 24, శనివారం

తూకం మిషను తప్పేమోనని కింద మందుల షాపులో మళ్ళీ తూయించాను. 51.7. ఆయన, ఇప్పుడు మాత్రం మిషను బాగానే ఉందన్నమాట, అన్నారు.

సెప్టెంబరు 3, మంగళవారం

రెండో విడత ముగిసింది. ముప్ఫై రెండు మంది, వంట చేసేవాళ్ళందరూ కారిడార్‌లో బెంచీ మీద. అంకెలు ఇప్పుడు వీడియోతో చెయ్యి కలిపి నడుస్తున్నాయి. ఎక్కువ ఇబ్బంది ఉన్నవాళ్ళకు తక్కువ, తక్కువ ఉన్నవాళ్ళకు ఎక్కువ. కొందరిని రెండు వారాలు ఆగి మళ్ళీ అడిగితే అవే జవాబులు. మొద్దు ఫారం అన్నారు. కత్తి.

బెంచీ మీద డ్రైవరు భార్య నా పక్కన కూర్చుంది. మమ్మల్ని ఎందుకమ్మా బయట పెట్టారు, అంది. నేనూ బయటే కదా, అన్నాను. ఆమె ఫ్లాస్కు తెరిచి నాకు టీ పోసింది. లోపల్నుంచి మాటలు వినిపించడం లేదు, కాని ఆగకుండా మాట్లాడుతున్నాడని తలుపు అద్దంలో కనిపిస్తోంది. ఇంట్లో ఇన్ని మాటలు లేవమ్మా, అంది. ఫ్లాస్కు మూత బిగించి, ఏదో బాగా లేదన్నమాట, చెప్తే మానేద్దును కదా ఆ వడకట్టడం, అంది. ఇంటికెళ్ళి అడుగు, కాని భోజనం ముందు కాదు, అన్నాను.

టీ చాలా బాగుంది. నిజంగానే.

సెప్టెంబరు 16, సోమవారం

కమిటీ ఏకగ్రీవం. ఆసుపత్రిలో వచ్చే నెల నుంచి ఇదే ఫారం. మరో రెండు ఊళ్ళ ఆసుపత్రులు అడిగాయి. అచ్చయిన ప్రతి తెచ్చి మనవరాలు నా ముందు పెట్టింది. మొదటి పేజీలో మూడు వాక్యాలూ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. చివరి పేజీలో అనువాదకుల వివరాలు. వైద్యం తెలిసినవారు, వైద్యం తెలియనివారు. నా గడి అలాగే ఉంచమన్నాను.

ఎర్ర పెన్ను పట్టుకుని మొత్తం చదివాను. ఎక్కడా పెట్టనవసరం రాలేదు. మనవరాలు పక్కనే గోళ్ళు కొరుకుతోంది. వంద వేసి సంతకం పెట్టాను. అది ఆ కాగితాన్ని ఫ్రేము కట్టిస్తుందట. ఫారాన్ని ఫ్రేము కట్టించే మొదటి పిల్ల ఇదే అయివుంటుంది.

బరువు 53.4. డాక్టరు ట్యూబు మాట కొట్టేశాడు. కాగితం మీద నా కళ్ళ ముందే, అడ్డగీత గీసి. ఇంటికి వచ్చేసరికి బాల్కనీలో కొత్త కుండీ ఉంది. రోజు విడిచి రోజు, ఒక చెంబు, నేనే పోస్తాను అని ఆయనకు స్పష్టంగా చెప్పాను.

అక్టోబరు 1, మంగళవారం

పొడి లేకుండా, గ్లాసు నిండా మామూలు నీళ్ళు. పెద్ద మేడమ్ ఒప్పుకుంది.

వాకిట్లో కూర్చుని నేను ఎంత తలుచుకున్నా, ఆయనకు పొలమారలేదు.